రికార్డు చేసిన రేడియో సిగ్నల్‌ను సౌండ్‌కార్డు మీదుగా మళ్లీ పలికించడం

రేడియో సిగ్నల్‌ను రికార్డు చేయడానికి రెండు పద్ధతులున్నాయి. రిసీవర్‌లో డీమాడ్యులేషన్ పూర్తయి, స్పీకర్‌లో మాటగానో పాటగానో మోర్స్ కూతగానో వినిపించే ధ్వనిని ఒకే చానెల్‌లో దాచుకోవడం ఒకటి. ఏ స్టేషన్‌నూ ఎంచుకోకముందే, బ్యాండులోని ఒక ముక్క మొత్తాన్ని ఐ, క్యూ అనే రెండు చానెళ్లుగా దాచుకోవడం రెండోది. మొదటిది వండిన అన్నం, రెండోది బియ్యం. ఆడియో రికార్డింగులో ఆ రోజు ట్యూన్ చేసిన స్టేషన్ ఒక్కటే ఉంటుంది. ఫిల్టర్ ఇరుకైనా, మోడ్ తప్పు పెట్టినా తర్వాత దిద్దుకునే వీలుండదు. ఐ/క్యూ రికార్డింగును మాత్రం ఎన్నేళ్ల తర్వాతైనా తెరిచి, ఆ వేళకు ఆ ముక్కలో ఉన్న ఏ స్టేషన్‌నైనా కొత్తగా ట్యూన్ చేయవచ్చు. ఫిల్టర్ మార్చి, మోడ్ మార్చి ఎన్నిసార్లయినా వినవచ్చు.

ఈ రెండు చానెళ్లు పుట్టే తీరు తెలిస్తే మిగతా విషయాలన్నీ సులువుగా అర్థమవుతాయి. రిసీవర్‌కు చేరిన సిగ్నల్‌ను ఒకే ఫ్రీక్వెన్సీ గల రెండు ఆసిలేటర్ తరంగాలతో విడివిడిగా మిక్స్ చేస్తారు. ఆ రెండు తరంగాల మధ్య 90 డిగ్రీల ఫేజు తేడా ఉంటుంది. అలా వచ్చిన ఫలితాల్లో ఒకటి ఐ, రెండోది క్యూ. స్టీరియో ఫైలులో సాధారణంగా ఐ ఎడమ చానెల్‌లో, క్యూ కుడి చానెల్‌లో ఉంటాయి. ఆసిలేటర్ ఫ్రీక్వెన్సీకి 5 కిలోహెర్ట్జ్ పైన ఉన్న స్టేషన్, 5 కిలోహెర్ట్జ్ కింద ఉన్న స్టేషన్ ఏదో ఒక్క చానెల్‌లో చూస్తే ఒకేలా ఉంటాయి. ఏది పైది, ఏది కిందిది అనేది రెండు చానెళ్ల మధ్య ఫేజు తేడాలోనే దాగి ఉంటుంది. ఆ తేడా చెడితే రికార్డింగు ఉన్నా లేనట్టే.

అసలు చిక్కు ఇక్కడే మొదలవుతుంది. కంప్యూటర్‌లోని సౌండ్ వ్యవస్థను చెవిని మెప్పించడానికి తయారుచేశారు. బాస్ పెంచడం, గది ప్రతిధ్వనిని అనుకరించడం, చిన్న శబ్దాలను పెద్దవి చేయడం, రకరకాల ఫైళ్లను ఒకే శాంపిల్ రేటుకు మార్చి కలిపి వినిపించడం దాని పనులు. పాటకు ఇవన్నీ మేలు చేస్తాయి. రేడియో సిగ్నల్‌కు ఇవన్నీ హానే. తిరిగి పలికించే పనిలో నేర్పంతా ఫైలులోని అంకెలు ఉన్నవి ఉన్నట్టు, సిగ్నల్‌ను విప్పే డీకోడర్ దాకా చేరేలా చూడడంలోనే ఉంది.

శాంపిల్ రేటు, బ్యాండు వెడల్పు

మామూలు సౌండ్‌కార్డులు సెకనుకు 44,100 లేదా 48,000 శాంపిళ్లతో పనిచేస్తాయి. కాస్త మెరుగైనవి 96,000 దాకా, ఇంకొన్ని 1,92,000 దాకా వెళతాయి. ఒకే చానెల్ ఉన్నప్పుడు శాంపిల్ రేటులో సగం వరకే ఫ్రీక్వెన్సీలు పడతాయి. 48,000 రేటులో 24 కిలోహెర్ట్జ్ దాటినవేవీ రావు. ఐ, క్యూ రెండూ కలిసినప్పుడు మధ్య ఫ్రీక్వెన్సీకి పైన ఒక సగం, కింద ఒక సగం దక్కుతాయి కాబట్టి, రేటు ఎంతో బ్యాండు వెడల్పు కూడా అంతే. 48,000 రేటుకు 48 కిలోహెర్ట్జ్, 96,000 రేటుకు 96 కిలోహెర్ట్జ్. అంచుల్లో సౌండ్‌కార్డు ఫిల్టర్ సిగ్నల్‌ను అణచివేస్తుంది కనుక నికరంగా ఉపయోగపడేది ఇంకొంచెం తక్కువే.

తెలుగు నేల మీది మీడియం వేవ్‌తో ఈ లెక్క చక్కగా తేలుతుంది. ఆకాశవాణి హైదరాబాద్ కేంద్రం ఫ్రీక్వెన్సీ 738 కిలోహెర్ట్జ్, విజయవాడది 837. రెంటి మధ్య దూరం 99 కిలోహెర్ట్జ్. 96,000 రేటుతో చేసిన ఐ/క్యూ రికార్డింగులో, మధ్య ఫ్రీక్వెన్సీని ఎక్కడ పెట్టినా, ఈ రెండు కేంద్రాలూ కలిసి ఇమడవు. 1,92,000 రేటుతో మధ్య ఫ్రీక్వెన్సీని 790 దగ్గర పెడితే 694 నుంచి 886 వరకూ వస్తుంది. రెండు కేంద్రాలూ, వాటి మధ్యలో 9 కిలోహెర్ట్జ్‌కు ఒకటి చొప్పున ఉండే మిగతా చానెళ్లూ ఒకే ఫైలులో పడతాయి. రాత్రిపూట దూరపు స్టేషన్ల కోసం వెతికేవారు గంట కొట్టే సమయానికి బ్యాండును ఇలా పట్టి ఉంచుకుంటారు. స్టేషన్లు తమ పేరు చెప్పుకునేది ఎక్కువగా అప్పుడే. ఆ కొద్ది నిమిషాల్లో ఒక్కో చానెల్‌నూ ప్రత్యక్షంగా విని గుర్తించడం మనిషి వల్ల కాదు. రికార్డింగులో మాత్రం ఒక్కో చానెల్‌కూ ఆ నిమిషాలను మళ్లీ మొదటి నుంచి వినవచ్చు.

హామ్‌శాట్ మరో ఉదాహరణ. 2005 మే 5న శ్రీహరికోట నుంచి పీఎస్‌ఎల్‌వీ-సీ6 రాకెట్ మీద కార్టోశాట్-1తో పాటు వెళ్లిన ఈ చిన్న ఉపగ్రహాన్ని ప్రపంచంలోని హామ్ రేడియో వారు వీఓ-52 అని పిలిచారు. అందుకున్న సిగ్నళ్లను తిరిగి భూమికి పంపే దాని ట్రాన్స్‌పాండర్ డౌన్‌లింక్ 145.870 నుంచి 145.930 మెగాహెర్ట్జ్ దాకా, అంటే 60 కిలోహెర్ట్జ్ వెడల్పు. 48,000 రేటు దీనికి చాలదు. 96,000 రేటుతో ట్రాన్స్‌పాండర్ మొత్తం హాయిగా పట్టేస్తుంది. 2014లో ఆ ఉపగ్రహం మూగబోయింది. అలా పట్టి ఉంచిన ఫైలు ఎవరి దగ్గరైనా ఉంటే, ఉపగ్రహం ఆ ఒక్కసారి నెత్తిమీదుగా దాటినప్పుడు ట్రాన్స్‌పాండర్ మీద జరిగిన సంభాషణలన్నిటినీ ఒకదాని తర్వాత ఒకటిగా ఇప్పటికీ ట్యూన్ చేసి వినవచ్చు. డాప్లర్ ప్రభావం వల్ల కదిలిపోయిన ఫ్రీక్వెన్సీని తాపీగా సరిదిద్దుకోవచ్చు.

సౌండ్‌కార్డు పెట్టె మీద 192 అని రాసి ఉన్నంత మాత్రాన నమ్మకూడదు. కొన్ని కార్డులు ఆ రేటుకు శాంపిళ్లు తీసుకుంటాయి గానీ, వాటి ముందున్న అనలాగ్ సర్క్యూట్ 20 కిలోహెర్ట్జ్ దాటిన సిగ్నల్‌ను పైకి రానివ్వదు. అలాంటప్పుడు స్పెక్ట్రమ్ మధ్యలో గట్టిగా ఉండి ఇరువైపులా జారిపోతూ కనిపిస్తుంది. ఇక ఆర్‌టీఎల్ టీవీ డాంగిల్ వంటి పరికరాలు సెకనుకు 24 లక్షల శాంపిళ్ల వరకూ ఇస్తాయి. ఆ ఫైళ్లను నేరుగా సౌండ్‌కార్డు మీదుగా పంపడం అసాధ్యం. ముందుగా కావలసిన ముక్కను కత్తిరించి, రేటు తగ్గించుకోవాలి.

ఫైలు

వేవ్ ఫైలే ఈ పనికి సరైనది. ఎంపీ3ని దరిచేరనివ్వకూడదు. చెవికి పట్టదనుకున్న సమాచారాన్ని పారేయడమే ఎంపీ3 పద్ధతి. ఐ, క్యూ చానెళ్ల మధ్య ఫేజు సంబంధాన్ని కూడా అది నిలపదు. చోటు ఆదా చేయాలంటే ఫ్లాక్ వాడవచ్చు, అందులో ఒక్క బిట్ కూడా పోదు. వేవ్ ఫైలుకు ఒక హద్దు ఉంది. ఫైలు పరిమాణాన్ని 32 బిట్లలో రాసుకుంటుంది కనుక 4 జీబీ దాటలేదు. 16 బిట్ల స్టీరియోలో 48,000 రేటుకు గంటకు సుమారు 690 ఎంబీ అవుతుంది కాబట్టి అక్కడ ఇబ్బంది లేదు. 1,92,000 రేటుకు మాత్రం గంటన్నర దాటగానే హద్దు వచ్చేస్తుంది. అప్పుడు రికార్డింగు ప్రోగ్రాములు ఫైలును ముక్కలు చేస్తాయి.

ఫైలు పేరుకు ఉన్న విలువ చాలామంది గ్రహించరు. ఐ/క్యూ ఫైలులో మధ్య ఫ్రీక్వెన్సీ ఏమిటో ధ్వనిలో ఎక్కడా ఉండదు. హెచ్‌డీఎస్‌డీఆర్, ఎస్‌డీఆర్ షార్ప్ వంటి ఎస్‌డీఆర్ (సాఫ్ట్‌వేర్ రేడియో) ప్రోగ్రాములు తేదీని, అంతర్జాతీయ ప్రామాణిక సమయాన్ని, మధ్య ఫ్రీక్వెన్సీని ఫైలు పేరులోనే రాస్తాయి. అందంగా ఉండాలని ఆ పేరు మార్చేస్తే, తర్వాత తెరిచినప్పుడు ఏ స్టేషన్ ఎక్కడ ఉందో చెప్పేవారుండరు. పేరు తప్పనిసరిగా మార్చాల్సి వస్తే, ఆ మూడు వివరాలను పక్కనే ఒక చిన్న టెక్స్ట్ ఫైలులో రాసిపెట్టాలి.

మూడు దారులు

మొదటి దారి, ఫైలును ఎస్‌డీఆర్ ప్రోగ్రాములో నేరుగా తెరవడం. ఇన్‌పుట్‌గా రిసీవర్‌కు బదులు వేవ్ ఫైలును ఎంచుకుంటే చాలు. సిగ్నల్ సౌండ్‌కార్డును తాకేది చివర్లో, వినడం కోసమే. వీలున్నచోటల్లా ఇదే మేలైన పద్ధతి. రెండోది వర్చువల్ కేబుల్. ఒక ప్రోగ్రాము పలికించిన ధ్వనిని కంప్యూటర్‌లోపలే మరో ప్రోగ్రాముకు మైకు ద్వారా వచ్చినట్టు అందించే సాఫ్ట్‌వేర్ ఇది. విండోస్‌లో వీబీ-కేబుల్, మ్యాక్‌లో బ్లాక్‌హోల్, లినక్స్‌లో పైప్‌వైర్ ఈ పని చేస్తాయి. ఎస్‌డీఆర్ ప్రోగ్రాము డీమాడ్యులేట్ చేసిన ధ్వనిని బొమ్మలు, అక్షరాలు విప్పే డీకోడర్‌కు చేర్చడానికి ఎక్కువగా వాడేది ఇదే.

వర్చువల్ కేబుల్‌లో తెలియకుండా జరిగే నష్టం ఒకటుంది. ఫైలు 96,000 రేటుది. విండోస్ సౌండ్ సెట్టింగుల్లో కేబుల్ రేటు 48,000 అని ఉంది. విండోస్ ఏ హెచ్చరికా చేయకుండా ఫైలును 48,000కు మార్చి పంపుతుంది. అవతల ఎస్‌డీఆర్ ప్రోగ్రాము 96,000 అడిగితే మళ్లీ పెంచి ఇస్తుంది. స్పెక్ట్రమ్ వెడల్పు 96 కిలోహెర్ట్జ్‌గానే కనిపిస్తుంది. కానీ మధ్యలో 48 కిలోహెర్ట్జ్ మేరకే సిగ్నళ్లుంటాయి. రెండు అంచులూ గొరిగినట్టు ఖాళీగా ఉంటాయి. స్పెక్ట్రమ్‌ను కాలక్రమంలో చూపే వాటర్‌ఫాల్‌లో అంచులు ఇలా శూన్యంగా కనిపిస్తే అనుమానించాల్సింది యాంటెన్నాను కాదు, శాంపిల్ రేటును. పలికించే ప్రోగ్రాములో, కేబుల్‌కు రెండు కొసలా, అందుకునే ప్రోగ్రాములో ఒకే రేటు ఉండేలా చూసుకుంటే ఈ బాధ తప్పుతుంది. సౌండ్ సెట్టింగుల్లోని మెరుగుదలలు, ప్రతిధ్వని, సరౌండ్, శబ్ద నివారణ అన్నిటినీ ఆపేయాలి. వాల్యూమ్‌ను నూరు శాతం దగ్గర ఉంచాలి. 16 బిట్ల శాంపిల్‌లో ఒక్కో బిట్ విలువ సుమారు 6 డెసిబెల్స్, కాబట్టి వాల్యూమ్‌ను 12 డెసిబెల్స్ తగ్గించడమంటే అడుగున ఉన్న బలహీన స్టేషన్ల నుంచి రెండు బిట్లు లాగేసుకోవడమే. మెయిల్ వచ్చిందని మోగే గంటలు ఈ కేబుల్‌లోకి రాకుండా, దాన్ని కంప్యూటర్ డిఫాల్ట్ సౌండ్ పరికరంగా ఉంచకూడదు.

మూడో దారి నిజమైన వైరు. డీకోడర్ వేరే కంప్యూటర్‌లోనో, విడి పరికరంలోనో ఉన్నప్పుడు తప్పదు. ఒకదాని లైన్ అవుట్ నుంచి రెండోదాని లైన్ ఇన్‌కు స్టీరియో వైరు వేయాలి. మైకు ఇన్‌పుట్‌కు వేయకూడదు. అది కొద్ది మిల్లీవోల్టుల కోసం చేసింది. లైన్ అవుట్ నుంచి వచ్చే వోల్టేజీకి అది పొంగిపోయి తరంగం తలలు తెగిపోతాయి. పైగా ఈనాటి ల్యాప్‌టాప్‌లలో ఇయర్‌ఫోనుకూ మైకుకూ కలిపి ఒకే జాక్ ఉంటుంది. ఆ మైకు ఇన్‌పుట్ ఒకే చానెల్‌ది. చవక యూఎస్‌బీ సౌండ్ అడాప్టర్లలో చాలావాటిదీ ఇదే కథ. డీమాడ్యులేట్ అయిన ధ్వనికి ఒక చానెల్ సరిపోతుంది గానీ, ఐ/క్యూకు సరిపోదు. స్టీరియో లైన్ ఇన్ ఉన్న కార్డే కొనాలి.

రెండు కంప్యూటర్లూ గోడ ప్లగ్గుల్లో ఉంటే, వైరు కలపగానే గుయ్‌మనే హమ్ రావచ్చు. స్పెక్ట్రమ్ మధ్యలో 50 హెర్ట్జ్‌కు, దాని గుణిజాలకు నిలువు గీతలు కనిపిస్తాయి. ల్యాప్‌టాప్‌ను చార్జర్ తీసి బ్యాటరీ మీద నడిపితే హమ్ ఆగిందంటే కారణం గ్రౌండ్ లూప్ అని తేలిపోయినట్టే. వైరు మధ్యలో ఆడియో ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ పెడితే శాశ్వతంగా పోతుంది. ఐ, క్యూ రెంటికీ ఒకే రకం ట్రాన్స్‌ఫార్మర్లు పెట్టాలి. ఒక్కోటి ఒక్కో రకమైతే ఫేజు తేడా మారిపోతుంది.

రెండు చానెళ్ల సంగతి

ఎడమ, కుడి తారుమారైతే స్పెక్ట్రమ్ అద్దంలో చూసినట్టు తిరగబడుతుంది. మధ్య ఫ్రీక్వెన్సీకి పైనుండాల్సిన స్టేషన్ కింద కనిపిస్తుంది, ఎగువ సైడ్‌బ్యాండ్ మాట దిగువ సైడ్‌బ్యాండ్‌లో తప్ప అర్థం కాదు. ఇది భయపడాల్సిన విషయమేమీ కాదు. దాదాపు ప్రతి ఎస్‌డీఆర్ ప్రోగ్రాములోనూ ఐ, క్యూలను అటూ ఇటూ మార్చే మీట ఉంటుంది. ఫ్రీక్వెన్సీ ముందే తెలిసిన ఒక స్టేషన్‌ను వెతికి, సరైన వైపు ఉందో లేదో చూసుకుంటే సరిపోతుంది.

ఇమేజ్ బాధ దీనికన్నా లోతైనది. రెండు చానెళ్ల బలం సమానంగా లేకపోయినా, ఫేజు తేడా సరిగ్గా 90 డిగ్రీలు కాకపోయినా, ప్రతి స్టేషన్‌కూ మధ్య ఫ్రీక్వెన్సీకి అవతలి వైపు అంతే దూరంలో ఒక దెయ్యం రూపం పుడుతుంది. ఫేజులో ఒక్క డిగ్రీ లోపం ఉంటే ఆ ఇమేజ్ అసలు స్టేషన్ కన్నా సుమారు 40 డెసిబెల్స్ కింద ఉంటుంది. బలంలో ఒక డెసిబెల్ తేడా ఉంటే 25 డెసిబెల్స్ కిందే ఉంటుంది. రికార్డింగులో ముందే ఉన్న లోపాన్ని ప్రోగ్రాము సరిచేయగలదు. పలికించేటప్పుడు కొత్తగా చేరే లోపం ఎక్కువగా ఒక శాంపిల్ ఆలస్యం రూపంలో వస్తుంది. కొన్ని సౌండ్‌కార్డులు కుడి చానెల్‌ను ఎడమ చానెల్ కన్నా ఒక శాంపిల్ వెనక ఇస్తాయి. 48,000 రేటులో ఇది సెకనులో నలభై ఎనిమిది వేలవ వంతు, పాట వినేవారికి ఆ తేడా ఎప్పటికీ తెలియదు. ఐ/క్యూలో మాత్రం మధ్య నుంచి 1 కిలోహెర్ట్జ్ దూరంలో అది 7.5 డిగ్రీల లోపం. 12 కిలోహెర్ట్జ్ దూరంలో పూర్తిగా 90 డిగ్రీలు, అంటే అక్కడ ఇమేజ్ అసలు స్టేషన్‌తో సమాన బలంతో నిలబడుతుంది. మధ్య దగ్గర బాగుండి అంచులకు పోయేకొద్దీ ఇమేజ్‌లు పెరుగుతున్నాయంటే కారణం ఇదే. ఎడమ చానెల్‌ను కూడా ఒక శాంపిల్ వెనక్కు జరిపితే సమస్య తీరిపోతుంది. ఆ వీలు కొన్ని ఎస్‌డీఆర్ ప్రోగ్రాముల్లోనే ఉంటుంది. లేనిచోట ఫైలును ఆడాసిటీ అనే ఆడియో ఎడిటర్‌లో తెరిచి, కాపీ మీద ఆ పని చేయవచ్చు.

గడియారం

డీకోడర్‌కు సమయమే ప్రాణం. 48,000 రేటుతో చేసిన ఫైలును 44,100గా పలికిస్తే 1,000 హెర్ట్జ్ స్వరం 919 హెర్ట్జ్‌కు పడిపోతుంది, వేగం ఎనిమిది శాతం తగ్గుతుంది. మోర్స్‌ను చెవితో వినేవారు దీన్ని గమనించకపోవచ్చు. స్లో స్కాన్ టీవీ బొమ్మ మాత్రం అసలు రాదు, ఎందుకంటే అందులో నలుపు 1,500, తెలుపు 2,300, సింక్ 1,200 హెర్ట్జ్ అని స్వరాలకు అర్థాలు నిర్ణయించి ఉంటాయి.

ఇంత పెద్ద పొరపాటు లేకపోయినా, సౌండ్‌కార్డు స్ఫటికంలోని చిన్న తేడా కూడా బొమ్మలో బయటపడుతుంది. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం 145.800 మెగాహెర్ట్జ్ మీద అప్పుడప్పుడు పంపే బొమ్మలు ఎక్కువగా పీడీ120 పద్ధతిలో ఉంటాయి. ఒక్కో బొమ్మకు 126 సెకన్లు పడుతుంది. ఒక్కో పిక్సెల్‌కు 0.19 మిల్లీసెకను. గడియారంలో పది లక్షల్లో వంద వంతుల తేడా ఉందనుకుంటే, బొమ్మ పూర్తయ్యేసరికి 12.6 మిల్లీసెకన్ల జాప్యం పోగుపడుతుంది. అంటే 66 పిక్సెళ్లు. 640 పిక్సెళ్ల బొమ్మలో పదోవంతు. బొమ్మ ఒక పక్కకు వాలి వస్తుంది. డీకోడర్‌లోని వాలు సవరణతో దీన్ని నిలబెట్టవచ్చు. వాలు కాకుండా, ఒక గీత దగ్గర బొమ్మ ఉన్నట్టుండి పక్కకు జరిగితే అది గడియారం దోషం కాదు. ఆ క్షణంలో కంప్యూటర్ ఊపిరాడక కొన్ని శాంపిళ్లను వదిలేసింది. బఫర్ పెంచి, మిగతా ప్రోగ్రాములు మూసేసి మళ్లీ పలికించాలి. రికార్డింగు చేతిలో ఉంటే ఈ మళ్లీ అనే అవకాశం ఎప్పుడూ ఉంటుంది. అంతరిక్ష కేంద్రం నెత్తిమీదుగా దాటిపోయేది మాత్రం పది నిమిషాల్లోనే.

ఎఫ్‌టీ8 అనే డిజిటల్ పద్ధతి రికార్డింగులకు మరో నియమం ఉంది. ఇందులో ప్రసారాలు నిమిషానికి నాలుగు, 15 సెకన్లకొకటి మొదలవుతాయి. ఒక్కోదాని నిడివి 12.64 సెకన్లు. డీకోడర్ కంప్యూటర్ గడియారాన్ని చూసి 0, 15, 30, 45 సెకన్ల దగ్గర వినడం మొదలుపెడుతుంది. ఫైలును కేబుల్ మీదుగా ఎప్పుడు పడితే అప్పుడు పలికిస్తే, సిగ్నల్ ఎంత బలంగా ఉన్నా ఒక్క అక్షరం రాదు. ఫైలులోని 15 సెకన్ల స్లాటు మొదలు, గడియారంలోని స్లాటు మొదలు కలిసేలా మీట నొక్కాలి. ఎఫ్‌టీ8ను విప్పే డబ్ల్యూఎస్‌జేటీ-ఎక్స్ ప్రోగ్రాములో వేవ్ ఫైలును నేరుగా తెరిచే ఏర్పాటు ఉంది కనుక అదే ఉత్తమం.

పలికించిన సిగ్నల్‌ను ట్రాన్స్‌మిటర్‌కు కలపడం వేరే సంగతి. దానికి భారతదేశంలో కేంద్ర ప్రభుత్వ వైర్‌లెస్ విభాగం ఇచ్చే హామ్ లైసెన్సు ఉండాలి. లైసెన్సు ఉన్నవారు కూడా ఎవరో మాట్లాడిన పాత రికార్డింగును మళ్లీ గాలిలోకి వదలకూడదు. లైసెన్సు పరీక్షకు చదవాలనుకునేవారికి హైదరాబాద్‌లోని జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ 1983 నుంచి తోడుగా ఉంది.

రికార్డింగు విలువ ఏమిటో అమెరికా వాతావరణ ఉపగ్రహాలు నోవా-15, నోవా-18, నోవా-19ల విషయంలో స్పష్టంగా తెలుస్తుంది. ఇవి 137 మెగాహెర్ట్జ్ బ్యాండులో ఏపీటీ అనే పద్ధతిలో బొమ్మలను ఎవరైనా అందుకునేలా ఏళ్ల తరబడి పంపాయి. 2,400 హెర్ట్జ్ స్వరం బలం పెరుగుతూ తగ్గుతూ, సెకనుకు రెండు గీతల చొప్పున మేఘాల బొమ్మను గీసేది. బంగాళాఖాతంలో తుపాను సుడి తిరుగుతున్న వేళ, డాబా మీద రెండు అల్యూమినియం కడ్డీల యాంటెన్నాతో ఆ బొమ్మను నేరుగా ఉపగ్రహం నుంచే అందుకునే వీలుండేది. 2025లో మూడింటినీ ఆపేశారు. ఇక ఆ స్వరం ఆకాశం నుంచి రాదు. పాత ఫైళ్లలో మాత్రం ఉంది. చేతి వాకీటాకీ ఇరుకు ఫిల్టర్ మీదుగా చేసిన ఆడియో రికార్డింగులో బొమ్మ మసకగానే వస్తుంది. ఐ/క్యూగా పట్టి ఉంచిన ఫైలైతే, 48,000 రేటుదైనా సరే, సుమారు 36 కిలోహెర్ట్జ్ వెడల్పు ఫిల్టర్‌తో ఇవాళ కొత్తగా డీమాడ్యులేట్ చేసి, సాట్‌డంప్ వంటి కొత్త డీకోడర్‌లో వేస్తే అప్పటికన్నా మంచి బొమ్మ రావచ్చు. పాత హార్డ్‌డిస్కుల్లో ఇలాంటి ఫైళ్లున్నవారు వాటిని చెరపవద్దు. ఎంపీ3లోకి మార్చవద్దు. ఫ్లాక్‌లోకి మార్చి, తేదీ, సమయం, ఫ్రీక్వెన్సీ రాసిపెట్టి, రెండుచోట్ల దాచండి.